రెండు పొత్తిగుడ్డలు

"పోయిండు! నా మనుమడు పోయిండు!"

ఫ్యాక్టరీ పొద్దుటి కూత సద్దుమణగకముందే హన్మవ్వ కూత లేచింది. బోధన్‌లో చెరుకు ఆడే రోజులు. ఆ వాడకట్టుకు రెండు కూతలూ అలవాటే. మొదటి కూతకు మగవాళ్ళు సద్దిగిన్నెలు పట్టుకుని డ్యూటీకి పోతారు. రెండో కూతకు ఆడవాళ్ళు గోడల మీదుగా తలలు నిక్కిస్తారు. హన్మవ్వ కూతురి కొడుకు దొడ్డికి పోయాడంటే అందరికీ ఆ రోజు మొదలైనట్టే.

"పోరడు సరే, పోరి సంగతేంది?" వేపపుల్ల నములుతూ అడిగింది పక్కింటి సాయవ్వ.

హన్మవ్వ ముఖం ముడుచుకుంది. "దాని సంగతి అడుగకు సాయవ్వా. పోయిన వారం అంగడి నాడు పోయింది. మల్ల అంగడచ్చె. ఇంకా పోలే."

"అంగడికి అంగడి పోతదేమో! మంచి బేరగత్తె అయితది నీ మనుమరాలు." సాయవ్వ కిసుక్కున నవ్వింది.

గడప లోపల పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ గంగామణికి కూడా నవ్వొచ్చింది. అత్త వైపు చూసి ఆ నవ్వును మింగేసింది.

ఆ ఇంట్లో పాలు తాగే పిల్లలు ఇద్దరు. చిన్నోడు సుమిత్ర కొడుకు. సుమిత్ర హన్మవ్వ కూతురు, భీమ్‌గల్‌లో ఇచ్చారు, పురుడుకని తల్లిగారింటికి వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. చిట్టి గంగామణి కూతురు. గంగామణి రుద్రూర్‌లో తల్లి దగ్గర కని, మూడో నెల పడగానే పిల్లతో అత్తగారింటికి చేరింది. పిల్లలిద్దరూ ఒక్క నెలలో పుట్టినవాళ్ళే. సుమిత్రకు పాలు తక్కువని చిన్నోడు ఇంటి బర్రె పాలు తాగుతాడు, చిట్టి తల్లిపాలు తాగుతుంది. చిన్నోడు రోజూ పొద్దున్నే దొడ్డికి పోతాడు, చిట్టి పోదు.

హన్మవ్వ లోపలికి వచ్చి చిట్టి కడుపు మీద వేలితో డప్పు కొట్టినట్టు కొట్టి చూసింది. చిట్టి కాళ్ళు ఆడిస్తూ బోసినోటితో నవ్వింది.

"నవ్వుతది! లోపట అంత పెట్టుకొని ఎట్ల నవ్వుతది నీ బిడ్డ?" అంది హన్మవ్వ. "ఏమే గంగామణీ, నిన్న పప్పు గిట్ల ముట్టినవా?"

"లేదత్తమ్మా. ఎల్లిగడ్డ కారం, అన్నం. అంతే."

"నీళ్ళు?"

"రెండు గుక్కలు."

"గట్లయితే తప్పు తిండిది గాదు, నీ పాలదే. మంచి పాలయితే కడుపుల నిలుస్తయా? నీ పెనిమిటిని అడుగు, గానుగల చెరుకు వెడ్తే ఇంకో దిక్కు పిప్పి రాదా? లోపటికి పోయినప్పుడు బయటికి రావాలె గద!"

గంగామణి పిల్ల వీపు నిమిరింది. ఆ గానుగ మాటకు ఎదురు మాట ఆమె దగ్గర లేదు. మొన్న తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి పిల్లకు పెట్టినప్పుడు కూడా అత్త ఇదే మాట అన్నది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది తప్ప ఏమీ కాలేదు.

"ఐతారం పెంటవ్వను రమ్మన్న," అంది హన్మవ్వ, ఇక తిరుగులేదన్నట్టు. "పసుపుకొమ్ము కాల్చి బొడ్డు సుట్టు సురుకు పెడ్తది. ఆనాటి సంది నీ పాలు బంద్. ఈమెకు గూడ మన బర్రె పాలే. గట్ల సూడకు! నీ పెనిమిటి కడుపు మీద లేవా నాలుగు సురుకులు? సచ్చిండా?"

ఆమె బర్రె దగ్గరికి వెళ్ళిపోయింది. గంగామణి చేయి తనకు తెలియకుండానే చిట్టి బొడ్డు మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది. రేపు శనివారం, ఎల్లుండి ఐతారం.

*

పొత్తిగుడ్డలు ఉతకడం కోడలి పని. తన బిడ్డవీ, ఆడబిడ్డ కొడుకువీ ఒక్క తట్టలో వేసుకుని గంగామణి బోరింగు దగ్గరి బండ మీదికి చేరింది. నాలుగు దెబ్బలు కొడితే బోరింగు దగ్గి దగ్గి నీళ్ళు కక్కింది. రోడ్డు మీద చెరుకు బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎడ్ల మెడల్లో గంటలు ఒకటే మోత. గాలి నిండా బెల్లపు వాసన.

చిట్టివి ఉచ్చ గుడ్డలు. ఎన్ని ఉన్నాయో! ముంచి పిండితే చాలు. తరువాత చిన్నోడి గుడ్డ విప్పింది. మూడు నల్లటి ఉండలు బండ మీద దొర్లి, టకటకమని చప్పుడు చేసి కాలువలో పడ్డాయి. గుడ్డ మీద మరక కూడా అంటదు. ఎప్పుడూ అంతే. చిన్నోడి గుడ్డలు ఉతకడం సులువని ఆమె లోలోపల సంతోషపడేది కూడా. మేక పెంటికల్లాగా దులిపితే రాలిపోతాయి.

ఇవ్వాళ మాత్రం మరక ఉంది. ఎర్రగా, బీడీ కట్టే దారమంత సన్నగా.

గంగామణి గుడ్డను ఎండకు ఎత్తి పట్టుకుంది. అవును, నెత్తురే.

పోయిన అంగడి నాటి చిట్టి గుడ్డ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చింది. నూరిన పసుపు ముద్దలాగా గుడ్డంతా పరుచుకుంది. ఎంత సబ్బు రుద్దినా పోక, బండకేసి బాది బాది చేతులు నొచ్చాయి. ఆ రోజు తిట్టుకుంది. "అమ్మా నా బిడ్డా, ఒక్కసారి పోయి వారం పని వెట్టినవ్ గదనే!"

అది మెత్తగా ఉంది. ఇది రాయి. మెత్తగా పోయిన పిల్ల నవ్వుతోంది. రాళ్ళు పోతున్న పిల్లవాడు పొద్దుపొద్దున ముఖం కందగడ్డలా చేసుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, వాడకట్టు లేచేట్టు ఏడుస్తున్నాడు. మరి కడుపు బిగిసింది ఎవరికి?

తడి చేతులతోనే అరుగు దగ్గరికి పరిగెత్తింది.

సుమిత్ర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తిరించిన తునికాకు వేళ్ళ మధ్య పరిచి, చిటికెడు తంబాకు చల్లి, ఒక్క తిప్పు తిప్పి, గోటితో మూతి మడిచి దారం వేస్తుంది. మాట్లాడుతున్నా చేయి ఆగదు.

"సుమిత్రా, చిన్నోడు పొద్దుగాల పోయేటప్పుడు గంతగనం ఎందుకు ఏడుస్తడు?"

"నేనెందుకు సూస్త వదినె? చెవులు మూసుకుంట. అమ్మ ఏమంటదో ఎర్కనా? మగపోరడు, బలం పెట్టి పోతున్నడంటది."

"బలమా! గీ బలం సూడు." గంగామణి గుడ్డ చాపింది.

సుమిత్ర చేయి ఆగింది. చుడుతున్న బీడీ విచ్చుకుని తంబాకు ఒళ్ళోకి రాలింది. "నెత్తురా? నా కొడుకుదా?"

"గట్టిగ పోయి పోయి ఒరుసుకపోయింది. మా రుద్రూర్ల మా తమ్మునికి గిట్లనే అయితే దవాఖానకు తీస్కపోయిన్రు."

సుమిత్ర కళ్ళలో నీళ్ళు నిండాయి. "అమ్మకు చెప్పుదాం, పా."

"చెప్తే ఏమంటది? రోజు పోయెటోనికి రోగమేందంటది. రేపు శనారం. నిజామాబాద్ నుంచి పిల్లల డాక్టరమ్మ వచ్చే రోజు. రేపే మనం కార్ఖాన్ల బీడీలు ఇయ్యాలె. అత్తమ్మ బర్రెకు చెరుకు ఆకుకని పొద్దుగాల్నే పొలాల దిక్కు పోతది, పొద్దుగూకె దాక రాదు. ఇగ సూస్కో!"

సుమిత్ర కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అమ్మో! మా వదినె గిన్ని తెలివితేటలు యాడ దాచిపెట్టిందో!"

"తినకుండ, తాగకుండ కూసోవెడ్తే తెలివి గాక ఏం పెరుగుతది?"

*

మరునాడు హన్మవ్వ కొడవలి పట్టుకుని మలుపు తిరిగిందో లేదో, ఇద్దరూ రోడ్డెక్కారు. తలల మీద బీడీల గంపలు, చంకల్లో పిల్లలు. చెరుకు బండ్ల సందుల్లోంచి, ట్రాక్టర్ల పక్క నుంచి దొంగల్లాగా నడిచారు. తెలిసిన ముఖం కనిపించినప్పుడల్లా సుమిత్ర కొంగు ముఖం మీదికి లాక్కునేది.

"గట్ల దాచుకుంటెనే అనుమానపడ్తరు," అని గంగామణి నవ్వింది. ఆమెకు అడుగులు ఆగడం లేదు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా ఒంట్లో ఏదో పండుగ ఉన్నట్టుంది.

కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, అక్కడి నుంచి ఒక్క ఉరుకున దవాఖానకు చేరారు. డాక్టరమ్మ నడివయసు మనిషి. చిట్టిని బల్ల మీద పడుకోబెట్టి, అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుని కడుపు మీద పెట్టింది. వేళ్ళు మెత్తగా కలిపిన పిండిలోకి దిగినట్టు దిగాయి. చిట్టి ఆమె మెడలోని గొట్టం పట్టుకుని లాగింది.

"పాలు తాగుతుందా?"

"నా జుట్టు పట్టుకొని మరీ తాగుతదమ్మా."

"కక్కుతుందా? ఆకుపచ్చగా ఏమైనా?"

"లేదమ్మా."

"పుట్టినప్పుడు నల్లటి దొడ్డి ఎప్పుడు పోయింది?"

"పుట్టిన నాడే."

"ఉచ్చ?"

"ఇల్లంత తడే!"

"గాలి పోతుందా?"

గంగామణి సిగ్గుతో తల వంచుకుంది. సుమిత్ర అందుకుంది. "మా అన్నకంటె ఎక్కువ!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే పిల్లను తూచి, తలాడించి అడిగింది. "పోయినసారి పోయినప్పుడు గట్టిగా పోయిందా, మెత్తగానా?"

"నూరిన పసుపు లెక్క పోయిందమ్మా. సబ్బుకు గూడ పోలే."

"మరింకేం? ఈ పిల్లకు ఏ రోగమూ లేదు."

"వారం దాటినా పోలే గదమ్మా?" అంది గంగామణి.

"తల్లిపాలే తాగే పిల్లలు నెల, నెలన్నర దాటాక ఇట్లాగే ఉంటారు," అని డాక్టరమ్మ చిట్టికి గుడ్డ చుడుతూ చెప్పింది. "కొందరు పాలు తాగినప్పుడల్లా పోతారు. కొందరు వారం గడిచినా పోరు. పాలు అరిగి అంతా ఒంటికే పడుతుంది, బయటికి పోయేందుకు మిగిలేది తక్కువ. తాగుతూ, ఆడుతూ, పెరుగుతూ ఉండి, పోయినప్పుడు మెత్తగా పోతే ఏ మందూ వద్దు. తొడిమలు, ఆముదాలు, సబ్బు ముక్కలు అసలే వద్దు. కడుపు ఉబ్బి బిగుసుకుపోయినా, ఆకుపచ్చగా కక్కినా, పాలు మానేసినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకు, ఆ గడియకే తీసుకురా."

"ఐతారం సురుకు పెడ్తరటమ్మా."

డాక్టరమ్మ చేయి ఆగింది. "కాలిస్తే పుండు అవుతుంది, దొడ్డి కాదు. పెట్టనియ్యకు. నువ్వేంటి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి? నీళ్ళు తాగడం లేదా?"

"తాగనియ్యరమ్మా. పప్పు గూడ."

"కుండలో నీళ్ళు లేనిది బిడ్డకు పాలెక్కడి నుంచి వస్తాయి? తాగు. కడుపునిండా తిను."

అక్కడే కూజా ఉంది. గంగామణి లోటా ఎత్తి తాగింది. మళ్ళీ తాగింది. గొంతులో గుటకల చప్పుడు గదంతా వినిపించింది.

అప్పుడే సుమిత్ర ఒళ్ళో చిన్నోడు మెలికలు తిరిగి కెవ్వుమన్నాడు. ముఖం ఎర్రబారింది, కాళ్ళు కడుపులోకి పోయాయి. సుమిత్ర అలవాటుగా అంది. "వీడు మంచిగనే ఉన్నడమ్మా, రోజు పోతడు." అన్నాక తానే ఉలిక్కిపడి వదినె ముఖం చూసింది.

"రోజూ పోతాడు సరే, ఎట్ల పోతాడు?" డాక్టరమ్మ చేయి చాపింది. "ఎవరైనా చూశారా?"

"నేను సూసినమ్మా," అంది గంగామణి. "ఉతికేది నేనే."

చూసింది చూసినట్టు చెప్పింది. బండ మీద దొర్లిన చప్పుడు, ఎర్రటి దారం, ఏమీ దాచలేదు. డాక్టరమ్మ పిల్లవాణ్ణి తిప్పి చూసి, నొప్పి తెలియకుండా దూదితో తుడిచింది. "ఇదిగో, ఇక్కడ చీరుకుపోయింది. వీడికి ఏం పోస్తున్నారు?"

"బర్రెపాలు. మా అమ్మ సుక్క నీళ్ళు గూడ కలుపది. చిక్కగ ఉంటెనే బలమంటది."

"ఈ వయసు పిల్లవాడికి బర్రెపాలు బలం కాదమ్మా, సిమెంటు. మలబద్ధకం ఉన్నది ఆ పిల్లకు కాదు, రోజూ పోయే వీడికి."

సుమిత్ర కొడుకు తలను గడ్డం కింద దాచుకుంది.

"మళ్ళీ నీ రొమ్ముకు పెట్టు," అంది డాక్టరమ్మ మెల్లగా. "పాలు తగ్గాయంతే, పోలేదు. ఎన్నిసార్లు పెడితే అంత దిగుతాయి. కొద్ది రోజుల ఓపిక పని. అంతదాకా ఇంట్లో పాలున్న ఇంకో తల్లి ఎవరైనా ఉంటే..." అని గంగామణి వైపు చూసింది.

గంగామణి చేతులు అప్పటికే ముందుకు వచ్చాయి. సుమిత్ర తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ ఒప్పుకోదమ్మా. వదినె పాలు మంచియి కావంటున్నది."

డాక్టరమ్మ చిన్నోడికి రాయమని పూతమందు ఇచ్చింది. వచ్చే శనివారం మళ్ళీ తెమ్మంది.

*

సాయంత్రం సుమిత్రే తల్లికి అంతా చెప్పింది. హన్మవ్వ చెరుకు ఆకు మోపు దింపీ దింపగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాకు చెప్పకుంట పోయిన్రా? రోజు పోయెటోనికి రోగమట, వారం పోనిదానికి ఆరోగ్యమట! గా డాక్టరమ్మ ఎంతమందిని కన్నదో అడిగినవా? నేను ఏడుగురిని కన్న." గంగామణి వైపు తిరిగింది. "గిది నీ పనే. నీ పాల మాట తప్పించుకోను నా మనుమనికి రోగం అంటగట్టినవ్."

గంగామణి ముఖం మీద కొట్టినట్టయింది.

గంగామణి భర్త నర్సింలు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఫ్యాక్టరీలో చెరుకు గానుగలోకి తోసే పని అతనిది. ఒళ్ళంతా పిప్పి నుసి. గంగామణి చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగింది.

"ఇగో, ఒక మాట. చెరుకు వెడ్తే పిప్పి వస్తది. రసం పోస్తే?"

"రసం పోస్తే ఏమొస్తది, రసమే. పిప్పి ముందుగాల్నే పిండి తీసేసిరి గద."

"మరి నా పాలు చెరుకా, రసమా?"

నర్సింలు ముఖం మీది నీళ్ళు తుడుచుకోకుండా ఆమెను చూశాడు. తన అంగీ కింద చేయి పెట్టి బొడ్డు చుట్టూ ఉన్న మచ్చలు తడుముకున్నాడు. "అమ్మకు నేను ఎదురు చెప్పలేనే," అన్నాడు. ముఖం తుడుచుకుంటూ, "కానీ, మాట మాత్రం మస్తు చెప్పినవ్," అన్నాడు.

అది చాలు అనుకుంది గంగామణి. ఆ పూట అందరి ముందే కుండ దగ్గరికి పోయి లోటా నిండా నీళ్ళు తాగింది. హన్మవ్వ చూసింది. కొడుకు అక్కడే ఉన్నాడని ఊరుకుంది.

*

ఐతారం పొద్దున ఫ్యాక్టరీ కూత, దాని వెనకే చిన్నోడి ఏడుపు, దాని వెనక హన్మవ్వ కూత. "పోయిండు!" ఎప్పటిలాగే గుడ్డ మడిచి బండ మీదికి విసిరింది. గంగామణి దాన్ని ఉతకలేదు. మడత విప్పకుండా చాట కింద పెట్టింది.

పెంటవ్వ వచ్చేసరికి వాకిట్లో అరడజను మంది ఆడవాళ్ళు పోగయ్యారు. సాయవ్వ అయితే కూర్చోవడానికి పీట కూడా తెచ్చుకుంది. పెంటవ్వ గట్టి మనిషి, గొంతు అంతకంటే గట్టి.

"వేల్పూర్ పసుపుకొమ్ము ఇది!" అని కొంగు ముడి విప్పి అందరికీ చూపింది. "గీ కొమ్ముకు కదలని కడుపు లేదు. తే పిల్లను!"

కాళ్ళు చాపుకుని కూర్చుని, చిట్టిని తన కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుంది. ఆముదం దీపం వెలిగించారు. పెంటవ్వ కొమ్మును మంటలో పెట్టింది. కొన ఎర్రబడి పొగ లేచింది. వాకిలంతా కాలిన పసుపు వాసన. చిట్టి మంటను చూసి కేరింతలు కొట్టింది.

గంగామణి పోయి అత్త ముందు నిలబడింది.

"అత్తమ్మా, ఒక్కటి అడుగుత. నువ్వు చెప్పినంక గా సురుకేదో నా ముందలనే పెట్టిద్దువు."

"ఏందే?"

"రోజు చిన్నోడు పోయిండని కూత పెడ్తవ్. ఒక్కనాడన్న విప్పి సూసినవా?"

"ఉతికేదానివి నువ్వు, నేనెందుకు సూస్త?"

"అందుకే అడుగుతున్న." చాట కింది గుడ్డ తీసి అత్త ముందు నేల మీద పెట్టి, మడతలు ఒక్కొక్కటే విప్పింది. "బీడీ గట్టిగుందో లొడుకుందో వొత్తి చెప్తవ్ గద. వాడకట్టంత నీకే తెచ్చి సూపుతరు. గిది గూడ వొత్తి చెప్పు."

సాయవ్వ పీట మీంచి లేచి మెడ చాచింది. హన్మవ్వ కోపంగానే వంగింది. గుడ్డ కొసను ఒక ఉండ మీద కప్పి, దాని మీంచి బొటనవేలితో వొత్తింది. ఏళ్ళ తరబడి తునికాకు తడినీ బీడీ బిగువునీ తూచిన వేలు అది. ఉండ నలగలేదు. ఇంకొంచెం వొత్తింది. చింతగింజలాగా జారి పక్కకు దొర్లింది. అది దొర్లిన చోట ఎర్రటి గీత ఉంది.

హన్మవ్వ వేలు అక్కడే ఆగిపోయింది.

"గిది... వాని నెత్తురా?"

అందరి తలలూ ఆ గుడ్డ మీదే వంగి ఉన్నాయి. చిట్టిని చూసేవాళ్ళు ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి పర్రుమని, కొత్త బట్ట చించినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"అయ్యో నా చీర! అయ్యయ్యో, నా కొత్త చీర!" పెంటవ్వ కొమ్ము వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. మోకాళ్ళ నుంచి మడమల దాకా పసుపు ముద్ద. అది ఇంకా వస్తూనే ఉంది. చిట్టి కాళ్ళు తన్నుకుంటూ ఆ వాకిట్లో అందరికంటే సంతోషంగా ఉంది.

వాకిలంతా ఒక్కసారి ఘొల్లుమంది. "కొమ్ము మహిమ!" అని ఎవరో అన్నారు. "అంటకముందే పనిచేసింది!" అని సాయవ్వ పీట మీద పడి పడి నవ్వింది. "పిల్లను పట్టుకోన్రి, నవ్వుడు తర్వాత!" అని పెంటవ్వ అరుస్తూనే తానూ నవ్వింది. గంగామణి బిడ్డను ఎత్తుకుంది. గుండెలకు అదుముకుంది, రవికంతా పసుపైనా చూసుకోలేదు.

నవ్వనిది హన్మవ్వ ఒక్కతే. ఆమె లేచి పెంటవ్వ దగ్గరికి వచ్చింది. చీర మీదికి వంగి, అదే బొటనవేలితో ముట్టి చూసింది. వేలు దిగింది, మెత్తగా. ఎండలో ఆ వేలును తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా బోరింగు దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

పెంటవ్వ కింద పడ్డ కొమ్మును మన్నులో గుచ్చి లేచింది. "నేను పోయి తానం చేస్త. పోనోళ్ళుంటెనే నన్ను పిలువున్రి," అని కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళారు.

గంగామణి పిల్లకు స్నానం చేయించి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. లోపల చిన్నోడు మళ్ళీ ఏడుస్తున్నాడు. సుమిత్ర రొమ్ముకు పెడుతోంది. రెండు చప్పరింపులు చప్పరించి, చాలక ఏడుస్తున్నాడు. పొయ్యి మీద బర్రెపాలు కాగిన వాసన వచ్చింది.

గిన్నె పొయ్యి మీంచి దింపిన చప్పుడు. తర్వాత అడుగుల చప్పుడు. హన్మవ్వ గడప దాటి వచ్చింది. చేతుల్లో గిన్నె లేదు, చిన్నోడు ఉన్నాడు.

కోడలి ముందు నిలబడింది.

"పోరనికి ఆకలైతున్నట్టున్నదే," అంది, ఎటో చూస్తూ. వంగి పిల్లవాణ్ణి గంగామణి ఒళ్ళో పెట్టింది. పెట్టాక కూడా చేయి వెంటనే తీయలేదు.

గంగామణి చిట్టిని ఎడమ మోకాలి మీదికి జరుపుకుని, చిన్నోణ్ణి దగ్గరికి తీసుకుంది. వాడు వెతుక్కున్నాడు, దొరకబుచ్చుకున్నాడు, ఏడుపు సగంలో ఆగిపోయింది. గుటక గుటకకీ వాడి పిడికిలి విచ్చుకోవడం హన్మవ్వ నిలబడి చూసింది. లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. అన్నం మీద పప్పు, పప్పు మీద నెయ్యి. పక్కన చెంబెడు నీళ్ళు.

"తిను. కుండల లేంది లోటాలకు రాదు," అంది.

*

ఆ తర్వాత హన్మవ్వకు చెడ్డ పరీక్ష వచ్చిపడింది. చిన్నోడు దొడ్డికి పోవడం మానేశాడు.

గంగామణి పాలు, తల్లి పాలు మార్చి మార్చి తాగుతున్నాడు. సుమిత్రకు మెల్లగా పాలు దిగుతున్నాయి. పొద్దున్నే ఏడుపు లేదు, కాళ్ళు ముడవడం లేదు. కానీ ఫ్యాక్టరీ కూతేసి ఊరుకుంటోంది, హన్మవ్వ కూత లేవడం లేదు. ఆమె అరుగు మీద బీడీలు చుడుతూ నిమిషానికోసారి ఉయ్యాల వైపు చూసేది. లేచేది, కూర్చునేది. తమలపాకుల బుట్ట దగ్గరికి పోయి వెనక్కి వచ్చేది. చిన్నోడి కడుపు మీద చేయి పెట్టి, "మెత్తగనే ఉన్నది గద, గంగామణీ? నువ్వు ఒకసారి సూడు," అని అడిగేది. గంగామణి చూసి చెప్పేది. అప్పటికి శాంతించి, కాసేపటికి మళ్ళీ అడిగేది.

"పోయిండా?" అని గోడ మీంచి సాయవ్వ.

"పోలే. అయితే ఏంది?" అని హన్మవ్వ కసిరేది.

పొత్తిగుడ్డలు ఇప్పుడు ఆమే ఉతుకుతోంది. ఎవరూ చెప్పలేదు. ఐతారం మరునాడే తట్ట ఎత్తుకుని బండ మీదికి పోయింది. గంగామణి లేవబోతే, "కూసో. పాలిచ్చేటిదానివి," అంది.

శనివారం పొద్దున. డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన రోజు. గంగామణి గడపలో కూర్చుని చిన్నోణ్ణి జోకొడుతోంది. రాత్రంతా తాగి తాగి ఇప్పుడే నిద్రపోయాడు. లోపల సుమిత్ర చిట్టికి కాటుక పెడుతోంది. బండ దగ్గర హన్మవ్వ ఒక గుడ్డ విప్పి, విప్పింది విప్పినట్టే నిలబడిపోయింది.

బొటనవేలితో వొత్తింది. రెండో వేలితో కలిపి రుద్దింది. ఎండకు ఎత్తి చూసింది. ముందూ వెనకా తిప్పి, ఎర్రటి గీత కోసం మూల మూలా వెతికింది. లేదు.

"ఏంది హన్మవ్వా, గంత మురుస్తున్నవ్?" సాయవ్వ తల గోడ మీద మొలిచింది. "పోయిండా?"

"పోయిండా అని అడుగకు సాయవ్వా. ఎట్ల పోయిండని అడుగు."

"సరే తల్లీ. ఎట్ల పోయిండు?"

హన్మవ్వ ఛాతీ నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచింది. ఆ కూత ఎక్కడిదాకా పోతుందో గంగామణికి తెలుసు. చప్పున చిన్నోడి చెవి మీద చేయి పెట్టింది.

హన్మవ్వ ఆ చేయిని చూసింది. నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూసింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. గుడ్డను రెండు అరచేతుల మీద పరుచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వాకిలి దాటి వచ్చి కోడలి ముందు కూర్చుంది.

"సూడు," అంది గుసగుసగా. ముఖమంతా నవ్వు. "నూరిన పసుపు."

దూరాన ఫ్యాక్టరీ కూసింది. ఆ పొద్దు వాడకట్టులో వినిపించింది ఆ ఒక్క కూతే.